రెండు నాణేలు ఎగరేస్తే మూడు రకాలా, నాలుగా? సంభావ్యత లెక్కల్లో పిల్లలు తప్పేదెక్కడ

విభాగం: హైస్కూలు గణితం, తిరుపతి–చిత్తూరు

స్వర్ణముఖి
8వ తరగతి లెక్క. "రెండు నాణేలను ఒకేసారి ఎగరవేస్తే ఒక బొమ్మ, ఒక బొరుసు పడే సంభావ్యత ఎంత?" పాప 1/3 అని రాసింది. గైడులో 1/2 ఉంది. రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, ఒకటొకటి, ఈ మూడు రకాలే కదా, అడిగింది అందులో ఒకటి, కాబట్టి మూడింట ఒకటి అని దాని వాదన. "బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ ఒకటే అయినప్పుడు రెండుసార్లు ఎందుకు లెక్కపెట్టాలి?" అని అడుగుతోంది. "పుస్తకంలో అట్లుంది, రాయి" అనేది కాకుండా ఇంకేదైనా సమాధానం చెప్పండి.

లెక్కలయ్యోరు
ముందు పాపను మెచ్చుకోండమ్మా. ఆ ప్రశ్న తెలివైనది. డాలంబేర్ అనే ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు 1754లో దాదాపు ఇదే గుంటలో పడ్డాడు. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత 2/3 అన్నాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అక్కడితో ఆగిపోతుంది, కాబట్టి మూడే సందర్భాలు అని ఆయన లెక్క. సరైన జవాబు 3/4.

ఇద్దరి పొరపాటూ ఒకటే. రకాలను లెక్కపెట్టారు. మనం లెక్కపెట్టాల్సింది సమాన అవకాశం ఉన్న పర్యవసానాలను. "అనుకూల పర్యవసానాలు బై మొత్తం పర్యవసానాలు" అనే సూత్రం అవి సమసంభవాలైతేనే పనిచేస్తుంది. సూత్రం పక్కనే ఆ షరతు ఉంటుంది, పిల్లలు దాన్ని దాటేసి చదువుతారు.

ఒక రూపాయి నాణెం, ఒక ఐదు రూపాయల నాణెం తీసుకోండి. సింహాలున్న వైపు బొమ్మ, అంకె ఉన్న వైపు బొరుసు అని ముందే ఖాయం చేసుకోండి. లేకుంటే సగంలో గొడవ వస్తుంది. ఇప్పుడు పాపతో రెండు నిలువు వరుసలు గీయించండి, ఎడమ రూపాయి, కుడి ఐదు రూపాయలు.

బొమ్మ, బొమ్మ
బొమ్మ, బొరుసు
బొరుసు, బొమ్మ
బొరుసు, బొరుసు

రూపాయి బొమ్మ, ఐదు బొరుసు పడడం ఒక సంఘటన. రూపాయి బొరుసు, ఐదు బొమ్మ పడడం వేరే సంఘటన. మొత్తం నాలుగు, ఒకటొకటి పడేవి రెండు. 2/4, అంటే 1/2.

కాణిపాకం కుర్రోడు
ఇంత అవసరమా సార్? నాణేలు ఎన్నుంటే రెండును అన్నిసార్లు గుణించుకుంటే మొత్తం వచ్చేస్తుంది. రెండింటికి 4, మూడింటికి 8. పది లెక్కలు చేయిస్తే చెయ్యి తిరుగుతుంది.

లెక్కలయ్యోరు
దాంతో హారం వస్తుంది నాయనా, లవం ఎవరిస్తారు? మూడు నాణేల్లో "సరిగ్గా రెండు బొమ్మలు" అంటే ఎనిమిదిలో ఎన్నో జాబితా రాస్తేనే కదా తెలిసేది. జాబితాకు కూడా ఒక వరుస కావాలి. తోచినట్టు రాస్తే ఏదో ఒకటి రెండుసార్లు వస్తుంది, ఇంకోటి తప్పిపోతుంది. మొదటి నాణెం గడిలో నాలుగు బొమ్మలు, కింద నాలుగు బొరుసులు రాయాలి. రెండో గడిలో రెండు బొమ్మలు, రెండు బొరుసులు, మళ్ళీ అదే. మూడోదాంట్లో ఒకటి విడిచి ఒకటి. ఎనిమిది వరుసలూ తప్పకుండా పడతాయి.

స్వర్ణముఖి
పట్టిక చూపించాను. "రూపాయి, ఐదు రూపాయలు కాబట్టి తేడా తెలిసింది. రెండూ రూపాయి బిళ్ళలే అయితే మళ్ళీ మూడేగా" అంటోంది!

అలిపిరి అక్క
ఒకదానికి స్కెచ్ పెన్నుతో చిన్న చుక్క పెట్టమనండి. చుక్క ఉన్నా లేకున్నా నాణెం పడే తీరు మారదు, మనకు కనబడడం మాత్రమే మారుతుంది. చుక్క పెట్టగానే 1/3 కాస్తా 1/2 అయిందంటే నాణేనికి మన కళ్ళతో పనుందన్నమాట, అట్లుండదు కదా.

దానికీ ఒప్పుకోకపోతే చేయించి చూపించండి. రెండు రూపాయి బిళ్ళలు గ్లాసులో వేసి, అరచేత్తో మూసి, గట్టిగా ఊపి, దుప్పటి మీదికి వంచాలి. టేబుల్ మీద అయితే దొర్లి కింద పడతాయి, అంచుకు ఆనుకుని నిలబడతాయి. పడ్డ ప్రతిసారీ గణన చిహ్నం గీయాలి: నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం.

ఎన్నిసార్లు అనేది ముఖ్యం. 40 సార్లు వేస్తే 1/2 ప్రకారం "ఒకటొకటి" 20 రావాలి, 1/3 ప్రకారం 13 చిల్లర. ఈ రెండింటికీ దూరం తక్కువ. అదృష్టం బాగలేక 15 వచ్చిందనుకోండి, పాప "చూశావా" అంటుంది. 200 సార్లు వేస్తే 100కీ 67కీ తేడా కాబట్టి అనుమానానికి చోటుండదు. తరగతిలో అయితే ఐదు జట్లు తలా 40 వేసి కలిపేయడం సులువు. ఒక్కరే అయితే రెండు విడతల్లో చేయించండి, చెయ్యి నొప్పెడుతుంది.

మామిడి మండీ
రకాలు, లెక్క అన్న గొడవ నాణేల దగ్గరే ఆగదు. బుట్టలో 20 మామిడికాయలు: 12 తోతాపురి, 5 బేనీషా, 3 నీలం. చూడకుండా ఒకటి తీస్తే బేనీషా వచ్చే సంభావ్యత ఎంత? మూడు రకాలు కాబట్టి 1/3 రాసేవాళ్ళు ఇక్కడా ఉంటారు. 5/20, అంటే 1/4.

"తిరుపతి" అక్షరాలను నాలుగు చీటీల మీద రాసి ఒకటి తీస్తే "తి" వచ్చే సంభావ్యత దగ్గరా ఇదే తప్పు చేస్తారు. చీటీలు నాలుగు, "తి" రెండు చీటీల మీద ఉంది, జవాబు 1/2. మూడు అక్షరాలే కదా అని 1/3 వేస్తారు. చీటీ ఒక్కోటి ఒక్కో పర్యవసానం, దాని మీద ఏం రాసుందనేది తర్వాతి సంగతి.

చేతిపని మాస్టారు
మండీ అన్నా, లెక్క సరే గానీ ఆ బుట్టతో ప్రయోగం మాత్రం చేయించొద్దు. కళ్ళు మూసుకున్నా తోతాపురి ముక్కులాంటి కొన చేతికి తగులుతుంది. నీలం చిన్నకాయ. చెయ్యి పెట్టినవాడు తెలిసో తెలియకో ఏరుకుంటాడు, యాదృచ్ఛికం అన్న మాటకే అర్థం పోతుంది. సంచిలో వేసేవి తడిమితే తేడా తెలియని వస్తువులై ఉండాలి: ఒకే సైజు చొక్కా గుండీలు, ఒకే గోళీల పొట్లం, ఒకే కాగితం నుంచి కత్తిరించి ఒకేలా మడిచిన చీటీలు. చీటీలయితే ఇంకో చిక్కు, చివర్లో వేసినవి పైనే ఉండిపోతాయి. ప్రతిసారీ సంచి తిరగేసి కలపాలి.

ఇంట్లో చేసుకునే పాచిక, తిరుగుడు చక్రం గురించీ చెప్తాను, ఎక్కువ మంది అక్కడే దెబ్బతింటారు.

అట్టతో పాచిక చేస్తే అతుకు రెక్కలన్నీ ఒక ముఖం వైపే పోగవుతాయి. జిగురుతో కలిసి ఆ ముఖం బరువెక్కి కిందికి పోతుంది, దానికి ఎదురుగా ఉన్న అంకె ఎక్కువసార్లు పైకొస్తుంది. 3 సెంటీమీటర్ల ఘనం చేస్తే రెక్క అర సెంటీమీటరు చాలు, రెక్కలను వీలైనన్ని ముఖాలకు పంచాలి. ఎదురెదురు ముఖాల మొత్తం 7 ఉండాలి: 1కి 6, 2కి 5, 3కి 4. 60 సార్లు వేసి చూడండి. ఒక్కో అంకె 10కి అటూ ఇటూగా వస్తే పర్లేదు. ఏదైనా అంకె 20 దాటితే ఆ పాచికను పడెయ్యొద్దు, "నిష్పాక్షికం కాని పాచిక" అని రాసి పక్కన పెట్టండి, పాఠానికి పనికొస్తుంది.

చక్రానికి గట్టి అట్ట మీద వృత్తం, మధ్యలో పెన్సిల్ మొన, దాని చుట్టూ తిరిగే జెమ్ క్లిప్పు. సగం ఎరుపు, పావు నీలం, పావు ఆకుపచ్చ. మూడు రంగులు కాబట్టి ఒక్కోదానికీ 1/3 అంటారు, మళ్ళీ అదే పాట. ఇక్కడ కోణం చూడాలి: ఎరుపు 180/360, మిగతావి 90/360 చొప్పున. పలక ఒక పక్కకు వాలినా, పెన్సిల్ వంగినా క్లిప్పు పల్లం వైపే ఆగుతుంది. రెండు మూడు చుట్లు కూడా తిరగకుండా ఆగితే ఆ తిప్పు లెక్కలోకి తీసుకోకూడదు.

కపిలతీర్థం
"జరుగుతుంది లేదా జరగదు, కాబట్టి 1/2" అనే వాదన పెద్దవాళ్ళలోనూ ఉంది. తిరుపతిలో ఫలానా రోజు వాన పడుతుందా? పడుతుంది, పడదు, రెండే. నవంబరులో ఈశాన్య రుతుపవనాలప్పుడూ రెండే, ఫిబ్రవరిలోనూ రెండే. రెండు నెలల్లోనూ అవకాశం సగం సగమని మన ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు.

ఇంకొకటి, తిరుమల ఆర్జిత సేవల లక్కీ డిప్. "ఐదు నెలలుగా రాలేదు, ఈ నెల తప్పకుండా వస్తుంది" అంటారు. డిప్‌కు పోయిన నెల సంగతి గుర్తుండదు. లెక్క కోసం ఒక నెల 100 టికెట్లకు 4,000 మంది నమోదు చేసుకున్నారనుకుందాం. ఒక్కొక్కరికి 100/4000, అంటే 1/40. ఆరో నెలలోనూ అదే 1/40.

పుంగనూరు గవ్వలు
12 నెలలు వేస్తే 12/40, ముప్పై శాతం అవుతుంది కదా సార్?

కపిలతీర్థం
కాదు. అట్లా కూడుకుంటూ పోతే 40 నెలలకు 40/40, ఖాయంగా వచ్చేయాలి, 41వ నెలకు ఒకటిని దాటాలి. సంభావ్యత 0కీ 1కీ మధ్యే ఉంటుంది, దాటిందంటే దారి తప్పినట్టే. "ఒక్కసారైనా రావడం" నేరుగా లెక్కించకుండా "ఒక్కసారీ రాకపోవడం" లెక్కించి ఒకటి నుంచి తీసేయాలి. ఒక నెల రాకపోవడం 39/40. పన్నెండు నెలలూ రాకపోవడం అంటే 39/40ని పన్నెండుసార్లు గుణించాలి, దాదాపు 0.738. ఒకటి నుంచి తీస్తే 0.262, ఇరవై ఆరు శాతం. గుణకారం పై తరగతుల పని. ఎనిమిదో తరగతికి "ఒకటి నుంచి తీసేయడం" వరకు వస్తే చాలు.

లెక్కలయ్యోరు
ఆ పూరక ఘటన (అడిగింది జరగకపోవడం) పరీక్షలో చాలా పనికొస్తుంది. "మూడు నాణేల్లో కనీసం ఒక బొమ్మ" అంటే ఏడు సందర్భాలు వెతకొద్దు. బొమ్మే లేనిది ఒక్కటి, 1 − 1/8 = 7/8.

మాటల దగ్గర పోయే మార్కులే ఎక్కువ. "కనీసం రెండు బొమ్మలు" అంటే రెండు గానీ మూడు గానీ: 4/8. "సరిగ్గా రెండు" అంటే 3/8. "రెండుకు మించకుండా" అంటే సున్నా, ఒకటి, రెండు: 7/8. ఈ మూడూ ఒకే రోజు పక్కపక్కన చేయించాలి. విడివిడిగా చేయిస్తే తేడా పట్టుబడదు.

అలిపిరి అక్క
రెండు పాచికల లెక్క ఎవరూ ఎత్తలేదే! మొత్తాలు 2 నుంచి 12 వరకు, పదకొండు రకాలు, కాబట్టి 7 వచ్చే సంభావ్యత 1/11 అని రాస్తారు. ఆరు అడ్డ వరుసలు, ఆరు నిలువు వరుసలు గీసి 36 గడుల్లోనూ మొత్తాలు నింపమనండి. 7 మూలగా ఆరు గడుల్లో ఉంటుంది, 6/36. 2 ఒకే గడిలో, 1/36. పట్టిక నింపుతుంటే మధ్యలో ఉబ్బెత్తు వాళ్ళకే కనబడుతుంది.

అదే పట్టిక మీద "కనీసం ఒక 6" అడగండి. ఆరో అడ్డ వరుసలో ఆరు, ఆరో నిలువు వరుసలో ఆరు, 12/36 అంటారు. (6, 6) గడి రెండు వరుసల్లోనూ ఉంది, రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. జవాబు 11/36.

కాణిపాకం కుర్రోడు
ఇది నాకూ నచ్చింది అక్కా. చీటీల లెక్కలోనూ ఇదే కదా. 1 నుంచి 30 వరకు రాసిన చీటీల్లో 3 లేదా 5 గుణిజం: పది, ఆరు కలిపి 16 అంటారు. 15, 30 రెండు జాబితాల్లోనూ ఉన్నాయి. 14/30, కుదిస్తే 7/15.

అలిపిరి అక్క
అదే. ఆ చీటీల్లోనే ప్రధాన సంఖ్య అడిగితే 1ని కలుపుతారు, 2 సరిసంఖ్య అని వదిలేస్తారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసి పది సరిగ్గానే వస్తుంది! జవాబు 10/30 చూసి టిక్కు పెట్టకండి, జాబితా చూడండి. రెండంకెల సంఖ్యలు 10 నుంచి 99 వరకు ఎన్నంటే 89 అనేవాళ్ళూ ఉంటారు. 90.

లెక్కలయ్యోరు
తరగతిలో ప్రయోగం చేయించేవాళ్ళకు ఒక మాట. జట్టుకు 50 సార్లు నాణెం ఎగరేయమంటే కొందరు వేయకుండానే 25–25 రాసి ఇస్తారు. సరిగ్గా 25 బొమ్మలు రావడానికి ఉన్న అవకాశం 11 శాతమే. పది జట్లలో ఏడు జట్లు 25–25 తెచ్చాయంటే నాణేలు జేబులోంచి బయటికి రాలేదన్నమాట. 20కీ 30కీ మధ్య పడడం మామూలు, దాదాపు 88 శాతం.

వరుసక్రమం కూడా రాయించండి. ఊహించి రాసేవాళ్ళు బొమ్మ-బొరుసు-బొమ్మ-బొరుసు అని మారుస్తూ పోతారు, నాలుగు ఒకేలా వరుసగా రాయడానికి చెయ్యి రాదు. నిజం నాణెం 50 సార్లలో ఎక్కడో ఒకచోట వరుసగా నాలుగు ఒకేలా పడకుండా ఉండడం చాలా అరుదు, ఐదు పడేదే 80 శాతం పైన. మార్కులు జవాబు దగ్గరదనానికి కాకుండా నమోదు నిజాయతీగా ఉన్నందుకు ఇస్తే ఈ బెడద సగం తగ్గుతుంది.

ఎక్కువసార్లు వేస్తే ఏమవుతుందో చూపడానికి గణిత శాస్త్రజ్ఞులు నాణెం వేసి చూసిన పాత లెక్కలున్నాయి. బఫన్ 4,040 సార్లు వేస్తే 2,048 బొమ్మలు, కెరిచ్ 10,000 సార్లకు 5,067, కార్ల్ పియర్సన్ 24,000 సార్లకు 12,012. భాగించి దశాంశాలు పిల్లలనే రాయమనండి: 0.507, 0.507, 0.5005. ఒక జాగ్రత్త. నిష్పత్తి సగానికి దగ్గరవుతుంది గానీ, బొమ్మలకూ బొరుసులకూ తేడా సున్నా అయిపోదు. బఫన్ దగ్గర ఆ తేడా 56, కెరిచ్ దగ్గర 134. "చివరికి సమానమైపోతాయి" అని మాత్రం చెప్పకండి.

పుంగనూరు గవ్వలు
అష్టా చెమ్మా సంగతి నేను చెప్తా. గవ్వకు రెండే పర్యవసానాలు, వెల్లకిలా, బోర్లా. నాణెంలాగే 1/2 అనుకుంటే నాలుగు గవ్వలకు 16 సందర్భాలు. నాలుగూ వెల్లకిలా పడడం (చెమ్మా, 4) 1/16, నాలుగూ బోర్లా పడడం (అష్టా, 8) 1/16. కానీ గవ్వ ఆకారం రెండు వైపులా ఒకటి కాదు, వీపు ఉబ్బు, నోటి వైపు చదును. సమసంభవం అనడానికి ఆధారమే లేదు. ఇక్కడ సూత్రం పక్కనబెట్టి వేసి చూడాల్సిందే.

ఒక్క గవ్వను 100 సార్లు వేయండి. చాప మీద ఒక రకంగా, గచ్చు మీద ఇంకో రకంగా పడుతుంది కాబట్టి చోటు మార్చొద్దు. జానెడు ఎత్తు నుంచి, పిడికిట్లో ఊపి వేయాలి. నాలుగు గవ్వలూ ఒకే సైజు కాకపోతే ఒక్కోదానికి వేరే లెక్క. ఉదాహరణకు 60 సార్లు వెల్లకిలా పడిందనుకుందాం, అంటే 0.6. అలాంటి నాలుగింటికి చెమ్మా 0.6 × 0.6 × 0.6 × 0.6, సుమారు 0.13. అష్టా 0.4ను నాలుగుసార్లు గుణిస్తే సుమారు 0.026. చెమ్మా దాదాపు ఐదు రెట్లు ఎక్కువ పడుతుంది. ఒకవైపు అరగదీసిన చింతగింజలతో ఆడితే ఇంకో జవాబు. పిల్లలు ఏ గవ్వలతో ఆడతారో వాటితోనే చేయించండి.

మామిడి మండీ
నా బుట్ట లెక్కకు చిన్న తోక. రెండు కాయలు తీస్తే రెండూ బేనీషా? మొదటిది తిరిగి వేశారా లేదా అన్నది చెప్పకుండా లెక్క ఇవ్వకూడదు. వేస్తే 400 జతల్లో 25, అంటే 1/16. వేయకపోతే మొదటిదానికి 20, రెండోదానికి 19, 380 జతల్లో 5 × 4 = 20, అంటే 1/19. రెండోదానికీ 20తోనే భాగించడం మామూలుగా చేసే తప్పు.

స్వర్ణముఖి
చుక్క పెట్టి 200 వేశాం. ఒకటొకటి 94, రెండూ బొమ్మలు 55, రెండూ బొరుసులు 51. పాప 1/2 ఒప్పుకుంది. ఇంకో ప్రశ్న మా పెద్దవాడిది, పదో తరగతి. లీపు సంవత్సరంలో 53 ఆదివారాలు ఉండే సంభావ్యత 2/7 అని ఉంది. ఎట్లా?

అలిపిరి అక్క
366 రోజులంటే 52 వారాలు, పైన 2 రోజులు. ఆ రెండు రోజులూ పక్కపక్కవే: ఆది-సోమ, సోమ-మంగళ, అట్లా శని-ఆది వరకు ఏడు జతలు. ఆదివారం ఉన్నవి రెండు. మామూలు సంవత్సరానికి ఒక్కరోజే మిగులుతుంది కాబట్టి 1/7.

కపిలతీర్థం
పిడివాదం అనుకోకండి. ఆ ఏడు జతలూ సమసంభవాలు కావు! మన క్యాలెండరు 400 ఏళ్ళకోసారి అచ్చంగా తిరిగి మొదలవుతుంది, అందులో 97 లీపు సంవత్సరాలు. వాటిలో 53 ఆదివారాలున్నవి 28. 28/97 అంటే 0.2887, 2/7 అంటే 0.2857.

లెక్కలయ్యోరు
పరీక్షలో 2/7 రాయించండమ్మా, 28/97 చూస్తే దిద్దేవాళ్ళు తల పట్టుకుంటారు. ప్రశ్నలో "యాదృచ్ఛికంగా ఎంచుకున్న లీపు సంవత్సరం" అన్న మాట ఉండాలి, అది మరవొద్దు. "2028లో 53 ఆదివారాలు ఉండే సంభావ్యత" అని అడిగితే 2/7 కాదు. 2028 జనవరి 1 శనివారం, కాబట్టి 53 శనివారాలు, 53 ఆదివారాలు. జవాబు 1.